ఉత్తరం నుంచి వాయిస్ మెసేజ్ దాకా
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

1980లలో నేను హైస్కూల్లో చదివేటప్పుడు మా వీధిలో చాలా ఇళ్ల మగవాళ్లు కువైట్‌లో ఉండేవారు. ఉత్తరం వస్తే చదవడానికి నన్ను పిలిచేవారు. జవాబు కూడా నేనే రాసేదాన్ని. మా పక్కింటి ఖాలా చివర్లో ఏదో చెప్పబోయి, "వద్దులే బేటీ, అందరం క్షేమమని రాసెయ్" అనేవారు. భర్తకు చెప్పుకునే మాట పక్కింటి పిల్ల చేత ఎలా రాయిస్తారు? అది నాకు పెద్దయ్యాకే అర్థమైంది.

తర్వాత క్యాసెట్లలో మాటలు రికార్డు చేసి పంపుకున్నారు. ఫోను బూతులు వచ్చాయి. అక్కడ మీటరు చూస్తూ మాట్లాడాలి. ఇప్పుడు ఖాలా ఫోను నొక్కి పట్టుకుని తన మాట తానే పంపుతున్నారు. చదువు రాని తల్లికి కూడా తన మాట తనదైంది. ఫోనును తిట్టే ముందు ఈ మేలు గుర్తుంచుకుందాం.

కానీ అదే ఖాలా మొన్న ఫోను నా చేతికిచ్చి, "ఇది నిజమేనా బేటీ?" అని అడిగారు. ఎవరో పంపిన వీడియో అది. ఆ ప్రశ్న చిన్నది కాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లకు దేశంలో ఎందరో అమాయకులు బలయ్యారు. హైదరాబాద్‌లోనూ ఒక ప్రాణం పోయింది. ఆ ఏడాదే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి 5 చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. దానితో పుకారు వేగం తగ్గుతుందే గాని, ఏది నిజమో తెలియదు. ఆనాడు ఉత్తరం చదవడానికి ఒక మనిషి కావాలి. ఈనాడు నిజం తేల్చుకోవడానికి ఒక మనిషి కావాలి.

మా తరగతి పిల్లలు చూసిన వీడియో గురించి గంట సేపు చెబుతారు. పది వాక్యాలు రాయమంటే తల దించుకుంటారు. "ఎవరు చెప్పారు? ఎప్పుడు? ఎక్కడ?" అని అడిగితే జవాబుండదు.

దాతలకు నా మనవి ఒక్కటే. పేద పిల్లలకు మీరిచ్చే ఫోన్లు, ట్యాబులు మంచివే. వాటితో పాటు సాయంత్రం ఒక గంట చదివించే మనిషిని కూడా ఇవ్వండి. ఒక గది, ఒక దినపత్రిక, ఒక టీచరు జీతం చాలు. పిల్లలు వార్త చదివి, ప్రశ్నలు వేసి, నాలుగు వాక్యాలు రాయాలి. తల్లులూ వచ్చి కూర్చోవచ్చు. వారానికి రెండు రోజులు నేను జీతం లేకుండా వస్తాను.

వార్త వస్తే విచారించుకోమన్నది మనకు కొత్త మాట కాదు. దాన్ని పిల్లలకు నేర్పే గంట మాత్రం కొత్తగా మొదలుపెట్టాలి.