స్పోర్టా, రూబికానా?

పోయిన వారం కార్యక్రమం అయ్యాక ఒకాయన ఫోన్ చేశారు. "జీప్ రాంగ్లర్ కొందామనుకుంటున్నామండీ. బేస్ మోడల్ తీసుకోమంటారా, పైది తీసుకోమంటారా? మీ ఇంట్లో ఉందిగా" అని అడిగారు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకని ఈ వారం వంటల కబుర్లు పక్కన పెట్టి ఇదే చెబుతాను. వినేవాళ్ళలో ఆడవాళ్ళు రేడియో కట్టేయకండి, డబ్బు మనింట్లోదే కదా!

మేము కొన్నది 2019లో. మా నాన్న అప్పుడు మా దగ్గరే, అంటే ఇక్కడ అరిజోనాలో చాండ్లర్‌లో ఉన్నారు. అమ్మ పోయి ఏడాది అయింది. ఆయన ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవారు కాదు. రంపచోడవరం వైపు ఇరవై ఎనిమిదేళ్ళు సర్కారు జీపు నడిపిన మనిషి. జీపు కొంటున్నామనగానే, "నేనూ వస్తానమ్మా" అంటూ చొక్కా మార్చుకుని వచ్చేశారు.

షోరూములో మూడు బళ్ళు వరసగా పెట్టారు. స్పోర్ట్, సహారా, రూబికాన్. మావారి కళ్ళు రూబికాన్ మీదే. బానెట్‌కి అటూ ఇటూ పెద్ద పెద్ద అక్షరాలతో పేరు రాసుంటుంది చూడండి, అదీ సంగతి. ఆ ఏడాది స్పోర్ట్‌కీ దానికీ తేడా దాదాపు 10 వేల డాలర్లు.

నాన్న లోపలికి తొంగి కూడా చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని మూడు బళ్ళ కిందకీ చూశారు. లేచి, "ఈ మధ్యదానికి ఎక్కువెందుకు అడుగుతున్నారో కనుక్కో" అన్నారు. ఆయన అడిగింది సబబైన ప్రశ్నే. సహారాలో సీట్లు బాగుంటాయి, చక్రాలు పెద్దవి, బయట రంగులు బండి రంగుతో కలుస్తాయి. కింద ఉన్న సరంజామా మాత్రం చాలావరకు స్పోర్ట్‌దే. పేరేమో ఎడారిది, ఖర్చేమో సుఖానికి. తప్పని అనను. రోజూ ఆఫీసుకి అదే వేసుకెళ్ళేవాళ్ళకి సుఖమూ కావాలి. కాకపోతే ఆ డబ్బుకి బండి కొండ మీద ఒక్క గజం కూడా ఎక్కువ పోదు.

రూబికాన్ సంగతి వేరు. కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండల్లో రూబికాన్ ట్రైల్ అని బండరాళ్ళ దారి ఉంది. 2003 మోడల్‌తో మొదలుపెట్టి ఈ రకానికి ఆ పేరే పెట్టారు. దీంట్లో డబ్బంతా బండి కిందే ఉంటుంది. ముందూ వెనకా లాకర్లు ఉంటాయి. లాకరంటే బ్యాంకుది కాదు. మామూలు బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కదా, అందుకని డిఫరెన్షియల్ రెండు చక్రాల్నీ వేరువేరు వేగాలతో తిరగనిస్తుంది. రోడ్డు మీద అది కావాలి. రాళ్ళలో ఒక చక్రం గాలిలోకి లేచిందనుకోండి, అదొక్కటే గిర్రున తిరుగుతుంది, నేల మీదున్నది కదలదు. మీట నొక్కి లాకర్ వేస్తే రెండూ కలిసి తిరగాల్సిందే. ఇంకా లో గేరు ఉంది. స్పోర్ట్‌లో 2.72 అయితే దీంట్లో 4, అంటే నడిచే మనిషికన్నా నెమ్మదిగా, బలంగా పాకుతుంది. ముందు స్వే బార్‌ని మీటతో విడదీయొచ్చు. టైర్లు 33 అంగుళాలవి, మందమైనవి. ఇవన్నీ తరవాత విడివిడిగా వేయించుకుంటే ఆ తేడా డబ్బు దాటిపోయినా ఆశ్చర్యం లేదు. కాబట్టి రాళ్ళెక్కడమే మీ సరదా అయితే, ఆలోచించకుండా రూబికాన్ తీసుకోండి.

మేము రాళ్ళెక్కుతామా? ఏడాదికి నాలుగైదుసార్లు మట్టిరోడ్డు మీద వెళ్ళి పులిహోర తినొచ్చే బాపతు. స్పోర్ట్ తీసుకున్నాం. గేర్ల బండి, అద్దాలు చేత్తో తిప్పుకోవాలి. ఏసీకి కూడా విడిగా డబ్బు కట్టాం, ఫీనిక్స్ ఎండల్లో అది లేకుండా ఎలా? అద్దాలు దించే హ్యాండిల్ చూసి మా పిల్లలు అదేదో వింత అనుకున్నారు. నాన్న మాత్రం ఆ సాయంత్రం దాన్ని తిప్పుతూ మారేడుమిల్లి ఘాట్‌లో వానాకాలం జీపు దిగబడితే కొమ్మలు నరికి చక్రాల కింద ఎలా వేసేవారో గంటసేపు చెప్పారు. అమ్మ పోయాక ఆయన అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

ఇంతవరకూ మా తెలివి బాగానే ఉంది. మిగిలిన 10 వేలు బ్యాంకులో వేసుకుని మురిసిపోయాను చూడండి, అక్కడ పొరపాటు చేశాను.

అక్టోబరులో నాన్నని టోరోవీప్ తీసుకెళ్ళాం. గ్రాండ్ కాన్యన్‌లో జనం పెద్దగా వెళ్ళని చోటు. అంచు దగ్గర నిలబడితే మూడు వేల అడుగులు నిట్టనిలువుగా కింద కొలరాడో నది. ఫ్రెడోనియా దాటాక హైవే దిగి 60 మైళ్ళకి పైగా మట్టిరోడ్డు. దారిలో పెట్రోలు లేదు, మంచినీళ్ళు లేవు, ఫోన్ పలకదు. టైర్లు కోసుకుపోవడం అక్కడ మామూలేనని పార్కువాళ్ళు ముందే హెచ్చరిస్తారు. చదివాను. చదివి కూడా కంపెనీ ఇచ్చిన పల్చటి టైర్లతోనే బయల్దేరాను.

ఇంకో పది మైళ్ళుందనగా వెనక చక్రం పోయింది. మధ్యలో మేకు గుచ్చుకుంటే మూసుకోవచ్చు. ఇది పక్కగోడ చీలింది, దానికి మందు లేదు. మావారూ నాన్నా కలిసి తలుపు మీదున్న స్టెప్నీ బిగించారు. అదీ అలాంటి పల్చటిదే. ఇక చేతిలో మిగిలింది లేదు. ముందు పది మైళ్ళు, అసలు రాళ్ళన్నీ చివర్లోనే. వెనక యాభై.

మావారు పోదామన్నారు. నేను నాన్న మొహం చూశాను. ఇంత దూరం వచ్చి చూపించకుండా ఎలాగని నాకూ మనసు పీకుతోంది. ఆయన చేతులు దులుపుకుని, "తిప్పెయ్ బాబూ. స్టెప్నీ లేని బండి కొండ ఎక్కకూడదు" అన్నారు. వెనక్కి యాభై మైళ్ళూ ఎవరం నోరెత్తలేదు. ఆ రోజు లాకర్లున్నా చేసేదేమీ లేదు. కావలసింది నాలుగు గట్టి టైర్లు, గాలి కొట్టే చిన్న మిషను. అంతా కలిపి మేము మిగుల్చుకున్నదాంట్లో ఐదో వంతు కూడా కాదు.

నాన్న డిసెంబరులో ఊరెళ్ళిపోయారు. తరవాత కోవిడ్ వచ్చింది. ఇప్పుడాయన మోకాళ్ళు అంతదూరం విమానంలో కూర్చోనివ్వవు.

2021లో పది ప్లై టైర్లు వేయించి మళ్ళీ వెళ్ళాం. ఈసారి ఏ ఇబ్బందీ లేదు. కాబట్టి ఫోన్ చేసినాయనకి నేను చెప్పేది ఇదీ: బేస్ తీసుకోండి, కానీ మిగిలిన డబ్బంతా మిగిలిందనుకోకండి. బండి ఇంటికొచ్చిన వారంలోనే టైర్లు మార్పించండి.

అంచు మీద నిలబడి వీడియో తీసి, సిగ్నలున్న చోటికొచ్చాక నాన్నకి పంపాను. నది, ఎర్ర కొండలు, కింద లోయలో నీడలు, అన్నీ పడ్డాయి. రాత్రి ఫోన్ చేసి, "చూశారా నాన్నా?" అన్నాను.

"చూశానమ్మా, బాగుంది. టైర్లు మాత్రం కనపళ్ళేదు. ఒకసారి అవి కూడా తీసి పంపు" అన్నారు.

ఉంటానండీ. వచ్చే వారం మళ్ళీ వంటల దగ్గరికే వెళదాం.