మందుతో పాటు మాట



బెంగుళూరులో 1959లో ఏర్పడిన జాతీయ క్షయరోగ సంస్థవారు తుమకూరు జిల్లా పల్లెల్లో విచారించి, 1963లో ఒక సంగతి ప్రకటించారు. క్షయ లక్షణాలున్నవారిలో సుమారు సగంమంది అప్పటికే వైద్యశాలకు వెళ్ళారట; చాలామందికి దొరికింది దగ్గుమందు సీసాయే. కనుక రోగులందరినీ అజ్ఞానులనడం న్యాయం కాదు.

నేడు క్షయకు మందు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తున్నది. మామూలు క్షయకు ఆరు నెలలు వాడాలి. దగ్గు తగ్గగానే మానితే, సగం దారిలో బండి దిగినట్లే. రోగం తిరగబెట్టి మందుకు లొంగకపోవచ్చు. ఈ మాట రోగికి తన భాషలో తెలియాలి. మనలో కన్నడం రానివారు అర్థం కాకున్నా తల ఊపి వస్తారు. రెండు వారాలు దాటి దగ్గేవారికి, కన్నడం వచ్చినవారు తోడు వెళ్ళి, కళ్ళె పరీక్ష చేయించి, వైద్యుని మాట తెలుగులో చెప్పుదురు గాక. ఈ ఉగాదికి అదే నా మనవి.