ఠాణా మెట్లు



ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామందికి వీసా ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలన్నీ నోటికి వచ్చు. మన వనస్థలిపురం పోలీస్ స్టేషన్ ఎటువైపో అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పరువుగల ఇంటి పిల్లలు ఠాణా మెట్లు ఎక్కరని మేమే నేర్పాం మరి. ఆ నేర్పిన పాఠం ఎంత నష్టం చేస్తుందో ఎల్బీనగర్ కోర్టులో వకీలుగా చూస్తుంటాను. అందుకే ఇవాళ పోలీసుల గురించే చెబుతాను.

2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలు కనిపించకుండా పోయింది. ఆ రాత్రి ఫిర్యాదుకు వెళితే మా పరిధి కాదన్నారని ఇంటివాళ్లు మొత్తుకున్నారు. కేసు నమోదులో ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. కానీ ఆ అమ్మాయి ప్రాణాలతో తిరిగి రాలేదు.

నేరం ఎక్కడ జరిగినా మీరు వెళ్లిన స్టేషన్‌లో కేసు రాయాల్సిందే. అదే జీరో ఎఫ్‌ఐఆర్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ఈ మాట చెబుతోంది. ఫిర్యాదు మెయిల్‌లో పంపినా సరే, మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి. రాయనంటే పై అధికారికి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్‌కు రాయండి.

అమెరికా వెళ్లేవాళ్లకు వేరే పాఠం. మన కాలేజీ గేటు దగ్గర ఉండేది సెక్యూరిటీ గార్డు. అక్కడ చాలా యూనివర్సిటీలకు సొంత పోలీసు శాఖే ఉంటుంది. వాళ్ల నడుముకు తుపాకీ ఉంటుంది, అరెస్టు చేసే అధికారమూ ఉంటుంది. 1986లో లీహై యూనివర్సిటీ హాస్టల్ గదిలో ఒక విద్యార్థిని హత్య జరిగాక, 1990లో అక్కడ చట్టం చేశారు. క్లెరీ అన్న ఆమె ఇంటిపేరే తర్వాత దానికి పెట్టారు. ఆ చట్టం ప్రకారం యూనివర్సిటీలు క్యాంపస్ నేరాల లెక్క ఏటా బయటపెట్టాలి. యూనివర్సిటీ ర్యాంకు చూసే మీరు ఆ లెక్క కూడా చూడండి.

ఇక్కడ ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తితే బండి పక్కన పెట్టి, ‘సార్, సార్’ అంటూ ఆయన దగ్గరికే పోతాం. అక్కడ ఆ మర్యాదే ముప్పు. వెనక పోలీసు లైట్లు వెలిగితే కారు పక్కకు ఆపండి, దిగకండి. చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా ఉంచండి. అడగనిదే లైసెన్సు కోసం జేబులు వెతకొద్దు.

చివరగా అమ్మానాన్నలకు ఒక మనవి. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో ఎవడో వెంటపడుతున్నాడని పిల్ల చెబితే, చదువు మాన్పించకండి, పరువని నోరు నొక్కకండి. ఇలాంటి వేధింపుల కోసమే 2014 నుంచి షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు పనిచేస్తున్నాయి, ఠాణా కూడా దగ్గరే ఉంది. పిల్లను ఒక్కదాన్నే పంపకుండా మీరూ వెంట వెళ్లండి.