పరదేశపు పెట్టుబడి - పల్లె భూమి

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



దేశము వృద్ధి చెందవలెనన్న పెట్టుబడి కావలెను. సొంత ధనము చాలని దేశము పరదేశపు ధనమును ఆహ్వానించును. ఇందు తప్పు లేదు. అయితే ఆ ధనము యంత్రములతో తృప్తిపడక భూమిని అడిగినప్పుడు సమస్య రాజధానిని దాటి ఊరి చావడి వరకు వచ్చును. అట్లు వచ్చినప్పుడు ఏమి జరుగునో తెలియుటకు ఆఫ్రికాలోని ఇథియోపియా దేశపు వృత్తాంతమొకటి మీ ముందుంచెదను. పరదేశీయులనగానే మనకు తెల్లదొరలు జ్ఞప్తికి వత్తురు. ఈ వృత్తాంతమున పరదేశీయులము మనమే.

2007, 2008 సంవత్సరములలో ప్రపంచమంతట ఆహారధాన్యముల ధరలు ఒక్కసారిగా పెరిగెను. ధాన్యము కొని తిను దేశములును, లాభము వెదకు కంపెనీలును ఆఫ్రికా భూములపై దృష్టి నిలిపినవి. దక్షిణ కొరియాకు చెందిన దేవూ కంపెనీ మడగాస్కరు దీవిలో 13 లక్షల హెక్టారులను, అనగా సుమారు 32 లక్షల ఎకరములను, 99 ఏండ్లకు తీసికొనబోవుచున్నదని 2008 నవంబరులో వార్త వెలువడెను. జనులు ఆగ్రహించిరి. ఆ ఆగ్రహము ఇతర కారణములతో కలిసి 2009 మార్చిలో అధ్యక్షుడు రావలోమననా పదవిని కోల్పోవుటకు దారితీసెను. తరువాత వచ్చిన ప్రభుత్వము ఆ ప్రయత్నమును రద్దుపరచెను.

ఇథియోపియాలో అంతటి అలజడి లేకయే పని జరిగెను. ఆ దేశపు 1995 నాటి రాజ్యాంగము ప్రకారము భూమి రాజ్యమునకును ప్రజలకును చెందినది. దానిని అమ్మరాదు, కొనరాదు. చట్టము ఇంత గట్టిగా ఉన్నచోట భయమేమని మీరు అడుగవచ్చును. అమ్మకము లేదు గాని కౌలు కలదు. బెంగుళూరునకు చెందిన కరుటూరి అను గులాబీపూల కంపెనీకి 2010 అక్టోబరులో గాంబెల్లా ప్రాంతమున లక్ష హెక్టారుల భూమిని 50 ఏండ్ల కౌలుకు ఇచ్చిరి. మన లెక్కలో అది రమారమి రెండున్నర లక్షల ఎకరములు. దానిని చక్కగా సాగుచేసినచో మరి రెండు లక్షల హెక్టారులు ఇచ్చెదమనిరి. కౌలు హెక్టారునకు ఏడాదికి 20 బిర్రులు. నాటి మారకపు రేటున ఎకరమునకు పాతిక రూపాయలైనను కాదు! తాతనాడు వ్రాసిన కౌలు మనుమనినాటికి తీరును. అట్టి కౌలునకును అమ్మకమునకును ఊరివాని కంటికి భేదమేమి కనబడును?

ఆ భూమి ఖాళీగా పడియున్నదని ప్రభుత్వము చెప్పెను. ఇక్కడ కొంచెము నిలిచి ఆలోచింతము. గాంబెల్లా ఇథియోపియా పడమటి అంచున, దక్షిణ సూడాను సరిహద్దున ఉన్నది. అందు నువేరులు, అన్యువాలు అను జాతులవారు నివసింతురు. నువేరులు పశుపాలకులు, ఎండకాలమున నీరున్న చోటులకు మందలను తోలుకొని పోవుదురు. అన్యువాలు బారో మొదలగు నదుల ఒడ్డున, వరద తీసిన నేల తడియారకమునుపే మొక్కజొన్న, జొన్న చల్లుదురు. మెట్టపై ఒక చెక్కను కొన్నేండ్లు దున్ని, సారము తగ్గగానే బీడు విడిచి, వేరొక చెక్కకు పోవుదురు. విడిచిన చెక్క మరల కోలుకొనును. చేతిలో పట్టా లేదు, చుట్టును కంచె లేదు. కనుక కాగితముపై అది ఖాళీ భూమి. మన రెవెన్యూ లెక్కలలో బంజరు, పోరంబోకు అను మాటలున్నవి. ఆ బంజరులో ఎవరి మేకలు మేయుచున్నవో, ఏ ఇంటికి అక్కడినుండి వంటచెరకు వచ్చుచున్నదో మీకు తెలియును. కాగితమునకు తెలియదు.

అదే కాలమున చెదరియున్న కుటుంబములను ఒకచోట చేర్చి, బడియు ఆసుపత్రియు మంచినీరును కల్పించెదమని ప్రభుత్వము క్రొత్త గ్రామములను కట్టించెను. ఇది ప్రజల ఇష్టము మేరకే జరిగినదనియు, కౌలు భూములతో దీనికి సంబంధము లేదనియు ప్రభుత్వము వాదించెను. బలవంతముగా తరలించిరని హ్యూమన్ రైట్స్ వాచ్ అను సంస్థ 2012 నాటి నివేదికలో పేర్కొనెను. వాదమెట్లున్నను, విడిచివచ్చిన నేలపై వారి హక్కును ఏ దస్తావేజున వ్రాసిరని అడుగుట న్యాయమే గదా.

ఇక సాగు సంగతి. పెద్ద ట్రాక్టర్లు వచ్చెను; అడవి కొట్టి చదును చేసిరి, మొక్కజొన్న వేసిరి. 2011లో బారో నది పొంగి ఆ పంటను ముంచివేసెను. ఆ నది వానకాలమున గట్లు దాటుట క్రొత్త సంగతి కాదు. అన్యువాల వ్యవసాయమంతయు ఆ వరదనే నమ్ముకొనియున్నది. ఆ ఒడ్డున పుట్టిన ముదుసలి నెవరినడిగినను చెప్పియుండును. తరువాత కంపెనీకి ధనపు చిక్కులు కలిగెను. లక్ష హెక్టారులలో 1,200 హెక్టారులు మాత్రమే సాగులోనికి వచ్చినవని 2015 డిసెంబరులో ప్రభుత్వము కౌలును రద్దుచేసెను. కంపెనీ దీనిని అంగీకరింపలేదు. దేశమునకు ధాన్యము రాలేదు, కంపెనీకి లాభము రాలేదు, కొట్టిన అడవి తిరిగి రాలేదు.

దీనినిబట్టి పరదేశపు ధనమే చేటని నేను చెప్పను. అదే దేశమున, రాజధాని ఆడిస్ అబాబాకు దగ్గరి ప్రాంతములలో, స్వదేశీయులును పరదేశీయులును పూలతోటలు పెట్టిరి. అన్నియు కలిసినను కొన్నివేల ఎకరములే. వాటిలో వేలకు వేలు కూలీలు, అందును ముఖ్యముగా స్త్రీలు, పనిచేయుచున్నారు. పూలు విమానములపై ఐరోపాకు పోవును. విదేశీ ద్రవ్యము వచ్చును. కూలి తక్కువయనియు, పురుగుమందుల బెడదయనియు అక్కడను ఫిర్యాదులున్నవి. అయినను కొద్దిపాటి నేలపై పెక్కుమందికి పని దొరకుట ఒకటి, విస్తారమైన నేలను యంత్రములకు అప్పగించుట మరియొకటి.

మన దేశమున విదేశ పౌరులు వ్యవసాయ భూమిని కొనరాదు. విదేశములలో స్థిరపడిన మన బంధువులు కూడ వారసత్వముగా పొందవచ్చును గాని సాధారణముగా కొనుటకు వీలులేదు. అయితే గాంబెల్లా ప్రజలకును చట్టము కలదు! కౌలు రూపమున ఏమి పోవునో చూడవలెను. ఈ విషయమున మన రాష్ట్రమునుండియే ఒక గొప్ప తీర్పు వెలువడెను. విశాఖ ఏజెన్సీలోని అనంతగిరి ప్రాంతపు గనుల కౌలుపై సమతా సంస్థ వేసిన దావాలో, షెడ్యూల్డు ప్రాంతములందలి ప్రభుత్వ భూమిని సైతము గిరిజనేతరులకును ప్రైవేటు కంపెనీలకును కౌలుకు ఇయ్యరాదని సుప్రీంకోర్టు 1997లో నిర్ణయించెను. మైదానపు గ్రామములకు వర్తించునది 2011 నాటి వేరొక తీర్పు. అందు గ్రామ ఉమ్మడి భూములలోని ఆక్రమణలను తొలగించి, వాటిని ఊరి ఉపయోగమునకు తిరిగి అప్పగింపవలెనని అన్ని రాష్ట్రములను ఆ న్యాయస్థానమే ఆదేశించెను. ఉమ్మడి భూమి ఏదియో ఋజువుచేయు లెక్క ఊరిలో లేనిచో ఆ తీర్పు అమలగుట కష్టము.

ఏ కంపెనీ అయినను, స్వదేశపుదైనను పరదేశపుదైనను, మీ ఊరి నేల కోరినప్పుడు కౌలు ఎన్ని యేండ్లకు, నీరు ఎక్కడిది, ఎందరికి పని, కంపెనీ మూతపడినచో నేల ఎవరికి తిరిగి వచ్చును అని గ్రామసభలో అడిగి, జవాబులను మినిట్సు పుస్తకమున వ్రాయించుడు. అంతకంటె ముందు మేత బయలు, చెరువు శిఖము, శ్మశానము, బండ్లబాట ఏయే సర్వే నంబరులలో ఉన్నవో జాబితా సిద్ధపరచుకొనుడు. మధ్యాహ్నపు తరగతిలో సర్వేయరుగారు అడంగలు చదువు విధమును చూపెదరు. నకళ్ళు తెచ్చినవారు వాటిని చేతనుంచుకొని కూర్చుండగోరెదను.