పంచాయతీ పనికి ఫోను డేటా



ఈ-గ్రామస్వరాజ్‌లో పద్దులు ఎక్కించుటకు పెక్కుచోట్ల ఒక ఫోను హాట్‌స్పాటే దిక్కగుచున్నది. దినమునకు 1.5 జీబీ ఇచ్చు ప్లానులో, 1080 నాణ్యతగల వీడియోను గంటసేపు చూచినచో ఆ కోటా ముగియవచ్చును. 480కి తగ్గించినచో అందు సగమైనను పట్టదు. ఫోను తెరకు ఆ బొమ్మ చాలును.

కంప్యూటరు సంగతి మరింత చిత్రము. హాట్‌స్పాట్‌ను అది సామాన్య వైఫైగా నెంచి, మనకు చెప్పకయే విండోస్ అప్‌డేట్లను దింపుకొనును! వైఫై సెట్టింగులలో ‘మీటర్డ్ కనెక్షన్’ అను మీటను వేసినచో ఇది చాలవరకు ఆగును.

కోటా తీరినపిమ్మట పెక్కు ప్లానులలో వేగము 64 కేబీపీఎస్‌కు పడిపోవును. అంతట బిల్లు నమోదు నిలిచి, పనిచేసినవారికి రావలసిన సొమ్ము ఆలస్యమగును. కావున హాట్‌స్పాట్‌కు పాస్‌వర్డు పెట్టుడు. పద్దు ఎక్కువరకు ఆ ఫోనులో సినిమాలు వలదు.