బందరు అద్దకం: రేవులో కొనేవాళ్ళు ఎందరు?

ఈ పూట బందరు అద్దకం గురించి చెబుతాను. కలంకారీ అనగానే మనకు పెడన చీరలు, దుప్పట్లు, శ్రీకాళహస్తి తెరలు గుర్తొస్తాయి. ఒకప్పుడు ఈ బట్ట కోసం ఐరోపా ఓడలు బందరు రేవులో వరసకట్టేవి. అంత గిరాకీ ఉన్న సరుకును చేసినవాడి ఇంట్లో ఆ డబ్బు ఎందుకు నిలవలేదన్నది నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న ప్రశ్న.

ముందు పని సంగతి. నేతబట్టను ఉతికి, జిడ్డు వదిలించి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెడతారు. పాలలోని వెన్న వల్ల రంగు అటూ ఇటూ పాకదు, వేసినచోటే నిలుస్తుంది. తుప్పు ఇనుము, బెల్లం వేసి పులియబెట్టిన నీళ్ళతో అచ్చు కొడితే కరక్కాయ వగరుతో కలిసి నలుపు తేలుతుంది. ఎరుపు మరీ వింత. ఎర్రగా రావలసిన చోట రంగే వేయరు, పటిక నీళ్ళు అద్దుతారు. తర్వాత బట్టనంతా చిరివేరు వేసిన కాగులో ఉడికిస్తే, పటిక తగిలినచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. మిగతాచోట అంటిన రంగు ఉతుకులకూ ఎండకూ పోతుంది. నీలం కావాలంటే, అక్కర్లేని చోటంతా మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచేవారు. ఇంత పనీ కంటితో, చేతితో, వాసనతో తెలిసిన విద్య. నూలుబట్ట మీద ఉతికినా దిగని రంగు బొమ్మలు వేయడం అప్పటికి ఐరోపాకు చేతకాదు.

డచ్చివాళ్ళు 1605లో బందరు వచ్చారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ‘గ్లోబ్’ ఓడ 1611లో వచ్చింది. వాళ్ళకు మొదట కావలసింది తూర్పు దీవుల జాజికాయ, లవంగం. ఆ దీవులవాళ్ళు ఐరోపా ఉన్నిబట్టను కోరలేదు, మన నూలుబట్టను కోరారు. అందుకని అమెరికా గనుల వెండి, జపాన్ వెండి మన తీరానికొచ్చి బట్టగా మారింది. ఆ బట్ట దీవులకు వెళ్ళి సుగంధ ద్రవ్యంగా మారింది. ఆ ద్రవ్యాన్ని ఆమ్‌స్టర్‌డామ్‌లో అమ్మి లాభం తీశారు.

ఈ దారిలో నెత్తురు ఉంది. జాజికాయ మీద గుత్తాధిపత్యం కోసం 1621లో డచ్చి అధికారి యాన్ పీటర్స్‌జోన్ కూన్ బందా దీవుల మీద దండెత్తి అక్కడి జనంలో ఎక్కువమందిని చంపించాడు, తరిమేశాడు, బానిసలను చేశాడు. పశ్చిమ ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొనడానికి ఇచ్చిన సరుకుల్లో మన కోరమండల్ తీరపు బట్ట కూడా ఉంది. కరువులొచ్చినప్పుడు మన తీరపు జనాన్నే డచ్చి ఓడలు తూర్పు దీవుల్లోని బటావియాకు బానిసలుగా తీసుకుపోయాయి. మన కళ ఎంత గొప్పదో చెప్పేటప్పుడు ఈ మాట దాటేయడం నాకు సరిగా అనిపించదు.

ఇక డబ్బు సంగతి. నేతగాడికీ అద్దకపువాడికీ దళారి చేత బయానా ఇప్పించి పని పెట్టేవారు. ఆ రోజుల్లో రేవులో గోల్కొండ వర్తకులు, పారశీకులు, ఆర్మేనియన్లు, డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, తర్వాత ఫ్రెంచివాళ్ళు పోటీపడి కొనేవారు. ఒకడి బేరం నచ్చకపోతే బయానా తిరిగిచ్చేసి ఇంకొకడికి అమ్ముకోవచ్చు. దళారీ, వర్తకుడూ తినగా మిగిలేది కొంచెమే. అయినా ‘నీకివ్వను పో’ అనగల బలం పనివాడికి ఉండేది. అతనికున్న ఆస్తి అదే.

అది 18వ శతాబ్దంలో పోయింది. 1759లో ఇంగ్లీషు కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళ నుంచి బందరు కోట పట్టుకున్నాడు. కొద్దేళ్ళలో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికొచ్చాయి. కొనేవాడే పాలకుడయ్యాడు. బయానా తీసుకున్నవాడు బాకీ తీరేదాకా వేరేవాళ్ళకు నేయకూడదన్నారు. మగ్గాల మీద నిఘా పెట్టారు. శతాబ్దం చివరికి నేతగాళ్ళు గుంపులుగా తిరగబడ్డారంటే ఆశ్చర్యమేముంది?

ఐరోపాలోనేమో ఈ బట్టకు భయపడ్డారు. ఫ్రాన్సు 1686లో అద్దకపు బట్టను నిషేధించింది, 1759 దాకా ఎత్తివేయలేదు. లండన్‌లో 1719లో నేతపనివాళ్ళు రంగుబట్ట కట్టుకున్న ఆడవాళ్ళ మీద పడి బట్టలు చించారు. 1721లో అక్కడ ఆ బట్టను నిషేధిస్తూ చట్టమే వచ్చింది. నిషేధాల చాటున వాళ్ళు విద్య నేర్చుకున్నారు. 1742లో పుదుచ్చేరిలో ఉన్న కేర్దూ అనే జెసూట్ పాదిరీ, క్రైస్తవులైన అద్దకపువాళ్ళను అడిగి తెలుసుకుని పద్ధతంతా ఉత్తరంలో రాసి ఫ్రాన్సుకు పంపాడు. తరతరాల అనుభవం కాగితం మీదికెక్కింది. చెప్పినవాళ్ళకు ఏం ముట్టిందో ఆ ఉత్తరంలో వెతకక్కర్లేదు.

తర్వాతి కథ త్వరగానే చెప్పొచ్చు. మాంచెస్టర్ మిల్లుబట్ట వచ్చింది. 1864 నవంబరు 1 నాటి తుపాను ఉప్పెన బందరు ప్రాంతంలో సుమారు 30,000 మందిని బలిగొంది. ఆ తర్వాత కొన్నేళ్ళకే జర్మనీలో ఫ్యాక్టరీ ఎరుపు తయారై చిరివేరును మూలకు నెట్టేసింది. పని పూర్తిగా చచ్చిపోకుండా 1950లలో కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివారు ప్రభుత్వం తరఫున పూనుకున్నారు. శ్రీకాళహస్తిలో కలంతో గీసే విద్యకు మళ్ళీ శిక్షణ మొదలైంది. బందరు పక్కనున్న పెడనలో టేకు అచ్చులతో అద్దే పని నిలబడింది.

ఇప్పుడు పోటీ స్క్రీన్ ప్రింటుతో. అదే జింకా అదే లతా గంటల్లో తయారై, కలంకారీ పేరుతోనే చవగ్గా అమ్ముడుపోతోంది. కొనేటప్పుడు ఒక్క మాట అడగండి: కరక్కాయ పట్టించి, అచ్చు కొట్టి, కాగులో ఉడికించినదేనా అని. చేత్తో అద్దినదైతే అచ్చుకూ అచ్చుకూ కలిసేచోట ఎక్కడో ఒకచోట గీత కొంచెం జరిగి ఉంటుంది. పెడన దాకా వెళ్ళగలిగితే మరీ మంచిది. పనిచేసినవాళ్ళ దగ్గరే కొనండి, వాళ్ళు చెప్పిన ధరకే కొనండి.