కంది ప్యాకెట్టు మీద ఎవరి పేరు?

(తాండూరులో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున వికారాబాదులో రైలెక్కే ముందు రెండు కందిపప్పు ప్యాకెట్లు కొన్నాను. మీ చేతులకు పంపుతున్నాను, చూడండి. ఒకటి మామూలు ప్లాస్టిక్ సంచి. రెండోది మట్టిరంగు కాగితంలా కనిపించే, నిలబెట్టే సంచి. పైన జిప్పు, పప్పు కనబడేలా చిన్న కిటికీ, పక్కన చేత్తో గీసినట్టున్న బొమ్మ. తలమీద గంప, పెద్ద బొట్టు, మొహం నిండా నవ్వుతో ఒక పల్లెటూరి స్త్రీ.

బ్రాండ్ల ప్యాకింగులో ఇప్పుడు నడుస్తున్న ధోరణి ఇదే. మెరుపు తగ్గించి, రంగులు తగ్గించి, సరుకు నేరుగా ఊరి నుంచి వచ్చిందనిపించడం. (పైకి కాగితమే. చింపి చూస్తే లోపల చాలాసార్లు ప్లాస్టిక్ పొరే ఉంటుంది.) పట్నంలో కొనేవాళ్ళకు నమ్మకం కలగాలంటే సరుకు వెనక ఒక మనిషి కనబడాలి. ఆ మనిషిగా స్త్రీని నిలబెడుతున్నారు.

బొమ్మలోని ఆమె చీరకు దుమ్ము లేదు. మన దగ్గర వానాకాలంలో కంది విత్తే చేతులెవరివి? కలుపు తీసేదెవరు? చలికాలంలో కోసిన కట్టెలను కొట్టి గింజ రాల్చి, చాటతో చెరిగేదెవరు? మిల్లులు రాకముందు కందులకు ఎర్రమన్ను పట్టించి, ఎండబెట్టి, ఇసుర్రాయి తిప్పింది మన అమ్మమ్మలు కాదా? ఆ శ్రమలో ఒక్క ముక్క కూడా బొమ్మలోకి రాలేదు. వచ్చింది నవ్వు మాత్రమే.

ఇక ప్యాకెట్టు తిప్పి వెనక చూడండి. తయారుచేసిన లేదా ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, నికర బరువు, గరిష్ఠ ధర వేయాలని 2011 నాటి ప్యాకెట్ సరుకుల నిబంధనలు చెబుతున్నాయి. ముందువైపు బొమ్మ స్త్రీది. ఈ చిన్న అక్షరాల్లో మాత్రం ఆమె లేదు. డిజైను గురించి మనం మాట్లాడాల్సింది ఈ వెనకవైపు నుంచి అని నా అభిప్రాయం.

అమెరికాలో ఆంట్ జెమీమా అనే అట్లపిండి ప్యాకెట్టు మీద నల్లజాతి వంటమనిషి బొమ్మ నూరేళ్ళకు పైగా నవ్వింది. నిరసనల తర్వాత బొమ్మ తీసేసి, 2021లో పేరూ మార్చారు. మంచిదే. కానీ బొమ్మ పోయినంత మాత్రాన వాటా రాదు. మన దేశంలోనే ఇంకో దారి ఉంది. 1959లో బొంబాయిలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన లిజ్జత్ అప్పడాల సంస్థ పేరులోనే 'మహిళా గృహ ఉద్యోగ్' ఉంది. అప్పడాలు వత్తే స్త్రీలే అందులో యజమానులు, లాభంలో వాటాదారులు. ఆ ప్యాకెట్టు అందంగా ఉందా లేదా అని నేనెప్పుడూ ఆలోచించలేదు.

మన సంగతికొద్దాం. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు చేసింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. ఇకముందు 'తాండూరు' అన్న మాటకే ప్యాకెట్టు మీద ధర ఉంటుంది. ఆ మాట వాడుకునే హక్కు ఎవరికి? 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం 'ఉత్పత్తిదారు' అంటే ఎవరో చెప్పింది. వ్యవసాయ సరుకు విషయంలో పండించేవారే కాదు, దాన్ని శుద్ధిచేసేవారు, ప్యాక్ చేసేవారు కూడా ఉత్పత్తిదారులే. వ్యాపారం చేసేవారినీ అందులో చేర్చింది. వ్యాపారికి ఆ సంగతి తెలుసు, మనకే తెలియదు.

పట్టాదారు పాసుపుస్తకం భర్త పేరునో మామ పేరునో ఉంటుంది కాబట్టి మనం రైతులం కామని ఇన్నాళ్ళూ విన్నాం. ఈ నిర్వచనంలో పాసుపుస్తకం మాటే లేదు. కూలికి ప్యాక్ చేసే స్త్రీ ఇందులోకి వస్తుందా అంటే యజమాని కాదంటాడు, అక్కడ వాదించాల్సి ఉంటుంది. కానీ ఇక్కడి కందులు కొని, పప్పు చేసి, తామే ప్యాక్ చేసి అమ్మే మహిళా సంఘాన్ని కాదనడం కష్టం.

సంఘాల్లో చాలామంది నన్ను అడిగేది వేరు. "మేడమ్, మా ప్యాకెట్లకు మంచి డిజైను వేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని. వేయిద్దాం, తప్పులేదు. పిన్నులు కొట్టిన సంచిని పెద్ద దుకాణాలు అరలో పెట్టుకోవు. అయితే డిజైనరు దగ్గరికి వెళ్ళేముందు అధీకృత వినియోగదారులుగా నమోదుకు దరఖాస్తు పెట్టండి. 2020లో నిబంధనలు సవరించి ఆ రుసుమును 500 రూపాయల నుంచి 10 రూపాయలకు తగ్గించారు. దరఖాస్తు ఫారాలు కొన్ని తెచ్చాను. భోజనాల తర్వాత కూర్చుని నింపుదాం.